రెండు లైన్ల నడిమి చోటు

నా చిన్నప్పుడు కాడుగోడి మీదుగా పోయే రైలు లైను ఒక్కటే ఉండేది. మాలూరు వైపు పోవాల్సిన బండీ, బెంగళూరు వైపు పోవాల్సిన బండీ ఆ ఒక్క లైను మీదే ఒకదాని కోసం ఒకటి స్టేషన్లో ఆగి, దారి ఇచ్చుకుని పోయేవి. ఈ మాట చెబితే మా మనవరాలు నవ్వుతుంది. బ్రూక్‌ఫీల్డ్‌లో మేముండే అపార్టుమెంటులో లిఫ్టు కోసం ఆగడం కూడా ఆ పిల్లకు చేతకాదు, ఇక రైళ్ళు ఆగడమంటే ఏం నమ్ముతుంది. నాకు మాత్రం ఆ ఒక్క లైను ఉన్న రోజులే మంచివి. రెండో లైను వచ్చింది, మా ఇంట్లో ఒక మనిషి పోయాడు. ఎంత చుట్టు తిప్పి చెప్పినా చెప్పాల్సింది ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మా తాతయ్య, అంటే మా అమ్మను కన్న తండ్రి, ఆ లైను మీద గ్యాంగు మేస్త్రీ. గ్యాంగు అంటే ఏడెనిమిది మంది మనుషులు. తెల్లవారగానే గడ్డపారలు, గంపలు తీసుకుని బయలుదేరి, తమకు అప్పగించిన దూరమంతా కంకర సర్దుకుంటూ, పట్టాలు మోసే చెక్కల కింద రాళ్ళు కూరుకుంటూ, వదులైన బోల్టులు బిగించుకుంటూ పోయేవారు. మా అమ్మానాన్నలు ఆనేకల్‌లో మగ్గం పెట్టుకుని ఉండేవారు. మగ్గం గుంతలో పుట్టిన పిల్ల మగ్గం గుంతలోనే పెరగకూడదని నన్ను చదువుకు తాతయ్య దగ్గర వదిలారు. లైను పక్కన వరసగా కట్టిన క్వార్టర్లలో ఒక గది, ఒక వంటిల్లు మాది. తాతయ్య, అవ్వ, మా మామ, నేను.

మామ అంటే అమ్మకు తమ్ముడు. ఆయనా అదే గ్యాంగులో పని. ఇంకా పెళ్ళి కాలేదు. మంచివాడు, కానీ ఒళ్ళు తెలియని మనిషి. నడుస్తూ నడుస్తూ ఎటో చూస్తూ నిలబడిపోయేవాడు. అన్నం తింటూ పాట ఎత్తుకునేవాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని పనికి పోయేవాడు. అవ్వ రోజూ ఆ గుండీలు సరిచేస్తూ, వీనికి పిల్లనిచ్చేవాడు ఇంకా పుట్టలేదని తిట్టేది. నన్ను మెడ మీద ఎక్కించుకుని స్టేషను దాకా తీసుకుపోయేది ఆయనే. నాకు ఆయన మీద ఉన్న ఇష్టం మా నాన్న మీద కూడా ఉండేది కాదు.

గ్యాంగు పనిలో ఒక కట్టుబాటు ఉండేది. దూరంగా ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడి, బండి కనబడగానే ఈల ఊదేవాడు. ఈల వినబడితే ఎవరూ బండి ఎంత దూరంలో ఉందని తల ఎత్తి చూసేవారు కాదు. మేస్త్రీని చూసేవారు. ఆయన లైనుకు ఏ పక్కకు దిగితే గ్యాంగంతా ఆ పక్కకే దిగాలి. తలా ఒక దిక్కుకు పోతే మనుషులందరూ దిగారో లేదో మేస్త్రీకి తెలియదు కదా, అందుకు. మేస్త్రీ వెనకాల పోయినవాడికి ఏమీ కాదని వాళ్ళందరి నమ్మకం. కొత్తగా చేరిన వాడికి గడ్డపార పట్టుకోవడం కంటే ముందు నేర్పేది అదే.

తాతయ్య ఎప్పుడూ చింతచెట్ల వైపే దిగేవాడు. లైనుకు ఒక పక్క ఊరు, రెండో పక్క వరసగా చింతచెట్లు. నీళ్ళకుండ అక్కడే, అన్నం మూటలు అక్కడే, బీడీలు కాల్చుకునే నీడా అక్కడే. బండి పోయేంతసేపు ఆ నీడలో నిలబడి, చెమట తుడుచుకుని, కాసిన్ని నీళ్ళు తాగి మళ్ళీ లైను ఎక్కేవారు. తాతయ్య ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇదే వరస. బొగ్గు బండ్ల కాలం పోయి డీజిలు బండ్లు వచ్చేదాకా ఆయన పాదాలు ఆ వైపు తప్ప ఇంకో వైపు దిగి ఎరగవు.

తరవాత రెండో లైను వేశారు. చింతచెట్లు కొట్టేసి, సరిగ్గా ఆ చోటు మీదే వేశారు. ఒక లైను మీద బెంగళూరు వైపు పోయే బండ్లు, కొత్త లైను మీద మాలూరు వైపు పోయే బండ్లు. ఇక ఏ బండీ ఎవరి కోసమూ ఆగక్కరలేదు, ఎదురెదురుగా వచ్చి వేగం తగ్గించకుండానే ఒకదాన్నొకటి దాటిపోవచ్చు. ఊరంతా సంబరపడింది. మేం పిల్లలం రెండు బండ్లు దాటుకునే చప్పుడు వినడానికి బడి ఎగ్గొట్టి గట్టు మీద కూర్చునేవాళ్ళం. ఆ చప్పుడు కడుపులో తగిలేది. కూర్చున్న చోటు అదిరేది. ఆ అదురు మాకు జాతరలో రంగులరాట్నం ఎక్కినంత సరదాగా ఉండేది.

తాతయ్యకు మాత్రం సరదా లేదు. కొత్త లైను తెరిచే ముందు పైనుంచి ఒక ఇనస్పెక్టరు వచ్చి మేస్త్రీలందరికీ ఏవేవో చెప్పి, చూపించి పోయాడట. ఆ సాయంత్రం తాతయ్య ఇంటికొచ్చి, పాత క్యాలెండరు నుంచి రెండు కాగితాలు చింపి, బట్టలు ఆరేసే తీగకు పక్కపక్కనే వేలాడదీశాడు. నడుమ నాలుగు వేళ్ళ సందు వదిలాడు. నన్ను పిలిచి ఆ సందులోకి గట్టిగా ఊదమన్నాడు. ఊదితే కాగితాలు ఎటు పోతాయో ముందు చెప్పమన్నాడు. చెరో పక్కకు ఎగిరిపోతాయని చెప్పాను. ఊదాను. రెండూ దగ్గరికి వచ్చి ఒకదానికొకటి అతుక్కున్నాయి. మళ్ళీ ఊదాను. మళ్ళీ అంతే. మామ కూడా వచ్చి బుగ్గలు నింపుకుని ఊదాడు. కాగితాలు టపటపా కొట్టుకుంటుంటే ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

తాతయ్య నవ్వలేదు. కాగితాలు విప్పి చేతిలో పట్టుకుని, మామ వైపు చూస్తూ నాకు చెప్పాడు.

"బండ్లకేమీ కాదు పాపా. ఎంత బిరాన పోయినా వాటి దోవన అవి పోతాయి. ఆ నడిమి చోటు వాటి కోసమని కొలిచి పెట్టినారు. మనిషి నిలబడతాడని ఎవరూ కొలవలేదు. ఆడ గాలి ముందు నెట్టుతాది, ఎనకాల గుంజుతాది. రెండు పక్కలా గుంజితే మనిషి యాడికి పోతాడు?"

ఎప్పుడైనా తప్పి ఆ నడుమ చిక్కుకుంటే ఏం చేయాలో కూడా చెప్పాడు. నేల కరుచుకుని బోర్లా పడుకోవాలి. తలగుడ్డ, టవలు ఎగరకుండా ఒంటికింద అణుచుకోవాలి. రెండు బండ్ల చివరి పెట్టెలూ పోయేదాకా తల ఎత్తకూడదు. నన్నూ మామనూ ఇంట్లో నేల మీద పడుకోబెట్టి అలాగే చేయించాడు. అవ్వ పొయ్యి దగ్గర నుంచి చూసి, ఇల్లు ఊడ్చే పని తప్పిందని నవ్వింది.

అసలు చిక్కు ఆ నడిమి చోటు గురించి తెలియకపోవడం వల్ల రాలేదు. గ్యాంగులో అందరికీ తెలుసు. ఇక మీద ఊరి వైపే దిగాలని మేస్త్రీ చెప్పాడు, అందరూ సరేనన్నారు. కానీ ఈల వినబడగానే కాళ్ళు పాత దారి పట్టేవి. చెట్లు లేవు, నీడ లేదు, అయినా కాళ్ళకు ఆ చెట్లు అక్కడే ఉన్నాయి. అటు రెండడుగులు వేసి, గుర్తొచ్చి, తిట్టుకుంటూ తిరిగి వచ్చేవారు. ఒంటి లైను మీద పనిచేసిన వాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని జబ్బు అది. తాతయ్య అదృష్టం, మొదట్లో రోజుకు ఒకటో రెండో తప్ప బండ్లు ఎదురుపడేవి కావు.

అప్పుడు తాతయ్య ఒక ఉపాయం చేశాడు. నీళ్ళకుండను ఊరి వైపుకు మార్చాడు. అన్నం మూటలు, బీడీ కట్టలు, చొక్కాలు, అన్నీ ఊరి వైపే పెట్టాలన్నాడు. అంతటితో ఆగలేదు. బండి లేకపోయినా జెండా మనిషితో ఉండుండి దొంగ ఈల ఊదించేవాడు. ఎవడి కాళ్ళు పాత వైపు పోతే వాడు ఆ రోజంతా అందరికీ నీళ్ళు అందించాలి. పని చేస్తూ చేస్తూ ఈల వినబడగానే అంత పెద్ద మనుషులు చిన్నపిల్లల్లాగా ఉలిక్కిపడి ఊరి వైపుకు ఉరికేవారు. తప్పినవాణ్ణి ఆటపట్టించి చంపేవారు. నేను మధ్యాహ్నం బడి నుంచి వచ్చి అన్నం క్యారియరు తీసుకుపోయేదాన్ని కాబట్టి ఆ ఆట రోజూ చూసేదాన్ని.

ఎక్కువ సార్లు నీళ్ళు అందించింది మా మామే. ఈల వినబడినప్పుడు ఆయన ఏ లోకంలో ఉండేవాడో. నవ్వుతూ చింతచెట్ల వైపుకే పోయేవాడు, నవ్వుతూ వచ్చేవాడు, నవ్వుతూ చెంబు పట్టుకునేవాడు. గ్యాంగులో వాళ్ళు ఆయనకు పెళ్ళికూతుర్ని ఆ చెట్ల కిందే చూశారని ఎగతాళి చేసేవారు. తాతయ్య మాత్రం ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని కలపకుండా కంచం వైపు చూస్తుండేవాడు.

"వీని కాళ్ళు ఇంకా ఆడే ఉండాయి," అన్నాడు ఒకసారి అవ్వతో. "అందరివీ మళ్ళుకొన్యాయి. వీనివే మళ్ళలేదు. నాకు కంటి మీద కునుకు లేదు."

"నువ్వుండావు కదప్పా ముందర," అంది అవ్వ. "నీ ఎనకాల వస్తాడులే. చిన్నప్పటి నుంచీ నిన్ను చూసే కదా అడుగేసేది."

ఆమె ధైర్యం చెప్పడానికి అన్న మాట. ఎవరైనా అలాగే అంటారు.

ఆ తరవాత తాతయ్య పట్టు పట్టాడు. పొద్దున పనికి పోయే ముందు మామను ఇంటి ముందర నిలబెట్టి, వెనక నుంచి ఈల ఊది, ఊరి వైపుకు తిరగమనేవాడు. పని చేస్తుంటే ఒకసారి, ఇల్లు చేరుతుంటే ఒకసారి. మామకు విసుగు వచ్చినా నవ్వేవాడే తప్ప ఎదురు చెప్పలేదు. వానలు మొదలయ్యే నాటికి మామ కాళ్ళు మళ్ళుకున్నాయి. దొంగ ఈల ఎప్పుడు ఊదినా అందరి కంటే ముందు కుండ దగ్గర ఉండేది ఆయనే. తాతయ్య మళ్ళీ కడుపునిండా తినడం మొదలుపెట్టాడు. సంతకు పోయి మామకు కొత్త చొక్కా గుడ్డ కూడా తెచ్చాడు. మాకందరికీ గండం గడిచినట్టే అనిపించింది.

ఆ రోజు బడికి సెలవు. అవ్వ ఉలవచారు కాచింది. క్యారియరు పట్టుకుని నేను లైను దగ్గరికి వెళ్ళేసరికి గ్యాంగు పాత లైను మీద కంకర కొడుతోంది. నేను ఊరి వైపు గట్టు మీద, కుండ పక్కన కూర్చున్నాను. తాతయ్య అందరి కంటే ముందర, లైనుకు చెవి ఆనించినట్టుగా వంగి, పట్టా తిన్నగా ఉందో లేదో ఒంటి కంటితో చూస్తున్నాడు. పట్టా చూసేటప్పుడు ఆయనకు లోకంతో పని ఉండదు. మామ ఆయన వెనకాల నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నన్ను చూసి గడ్డపార ఎత్తి ఊపాడు.

మాలూరు వైపు నుంచి ఈల వినబడింది. మనుషులందరూ గడ్డపారలు తీసుకుని నా వైపుకు దిగారు. అప్పటికే ఒకరు కుండ మీద మూత తీస్తున్నారు. వాళ్ళ వీపులు లైను వైపు, మొహాలు నా వైపు. మామ కూడా నా వైపే ఒక కాలు దింపాడు. నేను నా కళ్ళతో చూశాను. ఆ కాలు ఊరి వైపు కంకర మీద పడింది.

తాతయ్య తల ఎత్తాడు. పట్టా చూస్తూ ఉన్న మనిషి, ఇంకా ఆ ధ్యానంలోనే లేచి, చింతచెట్ల వైపుకు దిగాడు. తడబడలేదు, తొందరపడలేదు. రోజూ చేసే పని చేస్తున్న మనిషిలాగా నింపాదిగా దిగి, రెండు లైన్ల నడుమకు పోయాడు. గ్యాంగులో ప్రతి మనిషి కాళ్ళూ మళ్ళించిన మా తాతయ్య తన కాళ్ళను మళ్ళించుకోలేదు. ఆయనకు దొంగ ఈల ఎవరు ఊదుతారు? ఊదించేది ఆయనే కదా. ఎప్పుడు ఊదుతారో ఆయనకు ముందే తెలుసు కదా.

మామ ఆ వీపు చూశాడు. ఒక కాలు ఇటు, ఒక కాలు పట్టా మీద. ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆయన ఏమనుకున్నాడో నేను ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నాయన అటు పోతున్నాడంటే ఏదో చూసే ఉంటాడని అనుకుని ఉంటాడు. మేస్త్రీ ఏ పక్కకు దిగితే ఆ పక్కకే దిగాలి, వాళ్ళకు మొట్టమొదట నేర్పింది అదే. ఇటు దింపిన కాలు తీసి, పట్టా దాటి, తాతయ్య వెనకాల పోయాడు.

నేను అరిచినా వాళ్ళకు వినబడేది కాదు. అప్పటికే బెంగళూరు వైపు నుంచి కొత్త లైను మీద ఇంకో బండి వస్తోంది. ఈ చప్పుడులో ఆ చప్పుడు కలిసిపోయి ఎవరికీ తెలియలేదు. పాత లైను బండి నాకూ వాళ్ళకూ నడుమ గోడలాగా వచ్చేసింది. పెట్టెల సందుల్లోంచి అవతల రెండో బండి పెట్టెలు ఎదురు దిక్కుకు పోతుండడం కనబడింది. రెండూ మంచి వేగంలో ఉన్నాయి. నా కాళ్ళ కింద గట్టు అదిరింది. పిల్లలం సరదా పడిన అదురే అది.

బండ్లకు ఏమీ కాలేదు. తాతయ్య చెప్పినట్టే వాటి దోవన అవి పోయాయి. లోపల కూర్చున్న వాళ్ళకు కిటికీ అవతల ఒక చీకటి, ఒక గాలి తప్ప ఏమీ తెలిసి ఉండదు. రెండూ వెళ్ళిపోయాక నడిమి చోటులో తాతయ్య లేచాడు. బోర్లా పడుకుని తలగుడ్డ ఒంటికింద అణుచుకున్నాడు కాబట్టి బతికాడు. లేచి, దుమ్ము దులుపుకుని, ఊరి వైపున ఉన్న మనుషులను లెక్కపెట్టాడు. అలవాటు. ఒకరు తక్కువయ్యారు. ఎవరని వెతుక్కున్నాడు. మా మొహాలు చూసి, మేమందరం ఎక్కడ చూస్తున్నామో చూసి, అప్పుడు వెనక్కి తిరిగాడు.

తన వెనకాల కొడుకు వచ్చాడని ఆయనకు అప్పటిదాకా తెలియదు. మామ పడుకున్నాడో, పడుకోబోయాడో, తండ్రి మీద చేయి వేసి లాగబోయాడో ఎవరికీ తెలియదు. నన్ను ఎవరో ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయారు. నేను చూడాల్సిందంతా అప్పటికే చూసేశాను.

దుఃఖం ఒక ఎత్తు, ఆ తరవాత జరిగింది ఒక ఎత్తు. ఊళ్ళో అందరూ తప్పు మామదే అనుకున్నారు. అనుకోవడంలో చెడ్డతనం కూడా లేదు. ఆయన కాళ్ళు ఎప్పుడూ తప్పేవని ప్రతి ఒక్కరికీ తెలుసు. మామ పాత వైపుకు పోయి ఉంటాడని, కొడుకును లాగడానికి తాతయ్య వెనక పోయి ఉంటాడని గ్యాంగులో వాళ్ళే చెప్పారు. వాళ్ళ వీపులు లైను వైపు ఉన్నాయి, ఏం చూశారు పాపం. తాతయ్య మాత్రం వచ్చిన ప్రతి మనిషితోనూ, పెద్ద అధికారులతోనూ ఒకటే మాట చెప్పాడు. వాడు సరిగ్గానే దిగుతున్నాడు, తప్పింది నేను, నన్ను చూసి వాడు వచ్చాడు. విన్నవాళ్ళందరూ ఆయన భుజం తట్టారు. కొడుకు పోయిన బాధలో తప్పు తన మీద వేసుకుంటున్నాడని ఇంకా ఎక్కువ జాలి పడ్డారు. నిజం చెప్పి నమ్మించలేకపోవడం ఎలా ఉంటుందో నేను ఆయన మొహంలో చూశాను.

అవ్వ కూడా నమ్మలేదు. పదకొండో రోజు చుట్టాలందరూ వెళ్ళిపోయాక, గోడకు ఆనుకుని కూర్చుని, కొడుకును తిడుతూ ఏడ్చింది. ఎంత చెప్పినా వినలేదు, ఎంత నేర్పినా రాలేదు, ఎప్పుడూ ఎటో చూస్తుంటాడు అని. చచ్చిపోయిన వాణ్ణి తిట్టుకోవడంలో ఆమెకు కొంచెం తెరిపి దొరుకుతున్నట్టు ఉండేది. తాతయ్య ఆ తిట్లు వింటూ వింటూ లేచి, నన్ను చేయి పట్టుకుని తీసుకొచ్చి ఆమె ముందర కూర్చోబెట్టాడు.

"నువ్వు ఆడనే ఉంటివి కదా పాపా," అన్నాడు. "నీ కండ్లతో ఏం చూసినావో మీ అవ్వకు చెప్పు. భయపడాకు. వాని మీద అపనింద పెట్టొద్దు."

నేను చెప్పాను. మామ కాలు ఊరి వైపు కంకర మీద పడిందని, తాతయ్య వీపు చూసి వెనక్కి తీశాడని చెప్పాను. అవ్వ ఏడుపు ఆగిపోయింది. తాతయ్య వైపు చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా ఏమీ అనలేదు. వేళకు అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది. మాట మాత్రం లేదు. ఆయన అడిగినా బదులు లేదు. ఇద్దరు మనుషులు ఒక గదిలో అన్నేళ్ళు అలా బతికారు. నిజం చెబితే మంచి జరుగుతుందని బడిలో చెప్పేవారు. నేను చెప్పిన నిజంతో మా మామ మీద నింద పోయింది, మా ఇల్లు పోయింది. ఏది మంచో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మాట చెప్పిన సాయంత్రమే తాతయ్య నన్ను బయటికి తీసుకుపోయాడు. ఎప్పుడూ ఆయన ముందు నడిచేవాడు, నేను వెనక పరిగెత్తేదాన్ని. ఆ రోజు గట్టు ఎక్కేముందు ఆగి, నన్ను తనకంటే ముందు నడవమన్నాడు. ఎందుకని అడిగాను.

"ఎనకాల వచ్చేవాడు కనబడడు పాపా," అన్నాడు. "నాకు కనబడేటట్ల నడువు. ఇంగొకటి, నన్ను చూసి అడుగెయ్యొద్దు. ఎవరినీ చూసి ఎయ్యొద్దు. లైను చూడు. అట్ల చూడు, ఇట్ల చూడు, మళ్ళా ఒకసారి చూడు. నీకు కనబడిందే నమ్ము."

లైను దగ్గర నిలబెట్టి నన్ను అటూ ఇటూ చూడమన్నాడు. చూశాను. రెండు లైన్లూ ఖాళీగా ఉన్నాయి. దాటుదామా అని అడిగాను. ఆయన నా వెనక నిలబడి, నన్నడగొద్దు అన్నాడు. ఆయన గొంతు ఏడుస్తున్నట్టుంది. తిరిగి చూడబోతే, చూడొద్దన్నాడు. చీకటి పడుతున్నా మేం దాటలేదు. అలాగే నిలబడి, అలాగే తిరిగి వచ్చాం.

ఆ తరవాత తాతయ్య మేస్త్రీ పనికి పోలేదు. తనను చూసి ఏడుగురు మనుషులు దిగే పని తనకొద్దన్నాడు. గేటు దగ్గర చిన్న పని ఇస్తే అక్కడ కొన్నాళ్ళు కూర్చున్నాడు. తరవాత అదీ మానేశాడు. పెళ్ళయ్యాక కూడా నేను బెంగళూరులోనే ఉన్నాను కాబట్టి చివరిదాకా వస్తూ పోతూ చూశాను. రైలు చప్పుడు వినబడినప్పుడల్లా ఆయన కూర్చున్నచోటే పాదాలు రెండూ దగ్గరికి లాక్కునేవాడు. అవి ఎటైనా పోతాయని భయపడుతున్నట్టు వాటిని చేతులతో పట్టుకునేవాడు. అవ్వ చూసేది, లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

ఇప్పుడు కాడుగోడి దగ్గర రోడ్డు మీద నిలబడితే ఊరు ఏదో, పొలం ఏదో నాకే తెలియదు. మా క్వార్టర్లు లేవు. స్టేషన్లో జనం. తెల్లటి కొత్త బండ్లు ఎదురెదురుగా వచ్చి, కళ్ళు మూసి తెరిచేలోగా దాటుకుని పోతాయి. మా కాలం వేగం వాటి ముందు ఎద్దుబండి నడక. లోపల కూర్చున్న వాళ్ళ చేతిలో కాఫీ కూడా తొణకదట, మా అల్లుడు చెబుతాడు. నిజమే అయ్యుంటుంది. ఆ నడిమి చోటు ఎంత వదలాలో, గాలి ఎంత గుంజుతుందో అన్నీ కొలిచే పెట్టి ఉంటారు. మెట్ల వంతెన కట్టారు. బోర్డులు పెట్టారు. మైకులో మూడు భాషల్లో చెబుతారు. ఒక బండి పోయీ పోకముందే దాని తోక వెనక నుంచి జనం లైను దాటుతూనే ఉంటారు. ముందు ఒకడు దిగుతాడు, అతన్ని చూసి ఒకామె, ఆమెను చూసి బిడ్డ చేయి పట్టుకున్న తల్లి. ఎవరూ లైను చూడరు, ముందు మనిషి వీపు చూస్తారు. ఒకసారి నేను ప్లాట్‌ఫారం చివర నిలబడి వద్దు వద్దని అరిచాను. ఒక అబ్బాయి చెవిలోంచి ఒక పక్క ఇయర్‌ఫోను తీసి, నవ్వి, "ఏమీ కాదు ఆంటీ, రోజూ పోతాము," అని మళ్ళీ పెట్టుకున్నాడు. ఇక అరవడం మానేశాను. తెలిసిన మా తాతయ్యకే రానిది తెలియని వాళ్ళకు నేనేం నేర్పుతాను?

నాకు మిగిలింది ఒకటే అలవాటు. నా వెనక ఎవరూ నడవకూడదు. నా కూతురు చిన్నప్పుడు నా చెంగు పట్టుకుని వెనకాల రావాలని ఏడ్చేది. నేను రానిచ్చేదాన్ని కాదు. రెక్క పట్టుకుని ముందుకు తోసి, నాకు కనబడేలా నడవమనేదాన్ని. రోడ్డు దాటాలంటే అమ్మ మొహం చూసి అడుగు వేయబోయేది. నన్ను చూడొద్దని కసిరేదాన్ని. బిడ్డ తల్లిని చూడకుండా ఎవర్ని చూస్తుంది? నాకు తెలుసు, అయినా కసిరేదాన్ని. మొన్న ఒకరోజు ఏదో మాటల్లో నా కూతురు, చిన్నప్పుడు నీ వెనక నడిచిన గుర్తు నాకొక్కటీ లేదమ్మా, అంది. నిష్ఠూరంగా అనలేదు. అలా అని టీ కలుపుకోవడానికి వెళ్ళిపోయింది. నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు.

ఇప్పుడు నాకు మోకాళ్ళు పట్టు తప్పాయి. ఒంటరిగా నడవొద్దని, వెనకాల ఒకరు ఉండాలని డాక్టరు చెప్పాడు. సాయంత్రం మా మనవరాలు నన్ను కింద రోడ్డు మీద నాలుగడుగులు నడిపిస్తుంది. మంచి పిల్ల, ఓపిక ఉన్న పిల్ల.

"నువ్వు ముందు నడువు అమ్మమ్మా, నేను నీ బ్యాక్ సైడే ఉంటా, పడితే పట్టుకుంటా," అంటుంది.

సరేనని నాలుగడుగులు వేస్తాను. వెనక చెప్పుల చప్పుడు వినబడుతుంది. నేను ఎటు తిరిగితే ఆ చప్పుడు అటు తిరుగుతుంది. నా కాళ్ళు ఆగిపోతాయి. ముందు నువ్వు నడవమ్మా అంటాను. డాక్టరు వద్దన్నాడు కదా అంటుంది. పక్కనుంచి జనం మమ్మల్ని తప్పుకుని పోతుంటారు. నేను కదిలితే కదులుదామని ఆ పిల్ల నా వీపు చూస్తూ నిలబడి ఉంటుంది. నేను అడుగు వేయలేను.